కట్టినవారి పొత్తు: శ్రేణుల కథ

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్న సామెత మన యిండ్లలో తరచుగా వినవచ్చుచుండును. ఇది ఇంటి యజమాని నోట పుట్టిన మాట. ఇల్లు కట్టించుట యెంత ప్రయాసయో అతడు చెప్పుకొనినాడు. ఆ యింటిని తన చేతులతో కట్టినవాని ప్రయాసను గూర్చి యింత ప్రసిద్ధి గాంచిన సామెత మాకు తోచుట లేదు. పునాది త్రవ్వినవాడు, రాయి పేర్చినవాడు, దూలము చెక్కినవాడు, సున్నపు గానుగ త్రిప్పినవాడు, వీరందరు పని ముగియగానే పనిముట్లు భుజమున వేసికొని వేరొక వాకిటికి పోవుదురు. గృహప్రవేశమునాడు వారికొక పంచెయో చీరయో పెట్టుట మన ఆచారము. కాని రావలసిన బాకీ అంతయు చేతికి అందినదా లేదా యన్నది వేరు ప్రశ్న.

ఆ ప్రశ్నయే ఈ ప్రసంగమునకు మూలము. పెద్ద కట్టడమునకు పెద్ద గుత్తేదారు ఒకడుండును. అతడు పనిని ఒప్పుకొని, దానిని భాగములు చేసి, రాతిపని యొకరికి, కర్రపని యొకరికి, మట్టిపని యొకరికి అప్పగించును. ఆ చిన్న గుత్తేదారులు మేస్త్రీలను, మేస్త్రీలు కూలీలను కుదుర్చుకొందురు. సొమ్ము మాత్రము పైనుండి మెట్టు మెట్టుగా క్రిందికి దిగును. ప్రతి మెట్టునను కొంత నిలిచిపోవును. ధర పెరిగినను, వాన కురిసినను, పని ఆగినను కలుగు నష్టము మాత్రము ఏ మెట్టునను ఆగదు. తిన్నగా క్రిందికే వచ్చును. ఇట్టి స్థితిలో చిన్న గుత్తేదారు ఒంటరిగా నిలువజాలడు. తనవంటివారితో కలిసి నిలువవలెను. ఈ కలయికనే మన పూర్వులు శ్రేణి యనిరి, నిగమ మనిరి, గోష్ఠి యనిరి. వాటిలో చేరినవానికి కలిగిన లాభమేమి? చెల్లించిన వెల యేమి? ఈ రెంటిని చరిత్రలో వెదకి చూడదలచితిమి.

ముందుగా కృష్ణాతీరమునకు పోవుదము. నాగార్జునకొండ లోయలోని శిథిలములు 1926లో వెలుగునకు వచ్చినవి. తరువాతి కొలది యేండ్లలో లాంగ్‌హర్స్ట్ అచ్చట త్రవ్వకములు జరిపెను. శాసనములను ఫోగెల్ పండితుడు చదివి ప్రకటించెను. వానిలో నొకటి ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరమునాటిది. అనగా క్రీస్తుశకము 3వ శతాబ్దిది. బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువుల నిమిత్తము చుళధమ్మగిరిపై చైత్యగృహమును కట్టించి, ఆ సంగతి రాతిపై చెక్కించినది. తన బంధువుల పేర్లును, తాను చేసిన తక్కిన ధర్మకార్యములును వరుసగా చెప్పినది. అంతటితో ఆగలేదు. ఈ కొత్త పనిని చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు అను ముగ్గురు స్థవిరులు నవకర్మికులై చేయించిరనియు, రాతిపని విధికుడను శైలవర్ధకి చేసినదనియు తుదను చేర్చినది.

నవకర్మికులనగా కొత్త కట్టడములపై అజమాయిషీ చేయువారు. ఒకే రాతిపై మూడు అంతస్తులు కనబడుచున్నవి. సొమ్మిచ్చినది ఒకరు, పని జరిపించినవారు ముగ్గురు, ఉలి పట్టినవాడు ఒకడు. విధికుడు ఒంటిచేతితో అంతటి కట్టడమును లేపియుండడు. అతని క్రింద రాయి కొట్టినవారు, మోసినవారు ఉండియుందురు. అయినను ఒక రాతిపనివాని పేరు, దాత పేరుతోడను గురువుల పేర్లతోడను సమానముగా పదునేడు వందల యేండ్లు నిలిచినది. పనివారి చరిత్రలో ఇది తేలికగా లభించు గౌరవము కాదు.

ఇంతకు నాలుగైదు శతాబ్దములకు పూర్వమే తెలుగునాట సంఘముగా కూడి కట్టించిన వారును కలరు. గుంటూరు మండలమందలి భట్టిప్రోలు స్తూపమున అలెగ్జాండర్ రీ 1892లో ధాతుకరండములను కనుగొనెను. వాటిపై బ్రాహ్మీలిపిలో వ్రాయబడిన పేర్లు కలవు. అందు నిగమసభ్యుల పట్టిక యున్నది. గోష్ఠుల ప్రస్తావన యున్నది. కుబిరకుడను రాజు సింహగోష్ఠికి ప్రముఖుడని యొక కరండము చెప్పుచున్నది. రాజై యుండియు ఒక గోష్ఠికి పెద్దగా పేరు వ్రాయించుకొనుట గమనింపదగినది. ఆనాటి సంఘములు రాజు నీడన బిచ్చమెత్తుకొనినవి కావు. రాజు సైతము చేరుటకు తగిన పరువు గలవి.

సాంచీ స్తూపపు దక్షిణ తోరణమును చూచినవారు మరి రెండు లేఖనములను చూచియుందురు. సాతకర్ణి రాజుయొక్క ఆవేశని, అనగా శిల్పుల పెద్ద, వాసిష్ఠీపుత్రుడగు ఆనందుడు ఇచ్చిన దానమని యొకటి. విదిశా నగరపు దంతకారులు ఈ చెక్కడపు పని చేసిరని రెండవది. దంతముపై సన్నని పని చేయువారు రాతిపై ఆ పనితనమునే చూపిరి. అచ్చట ఒక వ్యక్తి పేరు లేదు. వృత్తి పేరు, ఊరి పేరు మాత్రమున్నవి. ‘మేమందరము చేసితిమి’ అని వారు చెప్పుకొనినారు.

ఇక సంఘములో చేరినవానికి కలిగిన లాభములను చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మరుగున పడియుండి, మైసూరులో శామశాస్త్రి చేతికి తాళపత్రములు చిక్కిన పిమ్మట 1909లో అచ్చుపడినది. అందు సంఘముగా కూడి కూలికి పని యొప్పుకొనువారిని గూర్చి కొన్ని నియమములున్నవి. ఒప్పుకొనిన గడువు మీరినను సంఘమునకు మరి ఏడు రాత్రుల వ్యవధి యీయవలెను. వచ్చిన కూలిని సమముగా గాని, తాము ముందనుకొనిన రీతిని గాని పంచుకొనవలెను. పని మొదలైన పిదప, ఆరోగ్యముండియు సంఘమును విడిచిపోయినవానికి 12 పణముల దండన. పనిలో మోసము చేసినవానిని మొదటి తప్పునకు క్షమించి, మరల పనిని దానికి తగిన వాటాను ఇయ్యవలెను. రెండవసారి చేసినచో వెలివేయవలెను.

ఈ నియమములను నేటి కట్టడపు పనులతో పోల్చి చూడుడు. గడువు దాటినందుకు బిల్లులో కోత పడుటయే చిన్న గుత్తేదారునకు పెద్ద భయము. ఒంటరిగా వచ్చినవానికి లేని ఏడు రాత్రులు సంఘముగా వచ్చినవానికి లభించినవి. అంతియే కాదు, మొదటి తప్పుతో జీవనోపాధి కోల్పోవు దుస్థితియు తప్పినది. అయితే ఈ రక్షణ ఊరక రాలేదు. నడుమ విడిచిపోనని మాట యియ్యవలెను. తప్పినచో దండన చెల్లింపవలెను. సంఘము పని యిచ్చినవానికి పూచీ; సభ్యునకు నీడ. ఈ రెండును ఒక్క త్రాటి రెండు కొనలు.

అర్థశాస్త్రమే మరియొక చోట శ్రేణుల నిక్షేపములను గూర్చి చెప్పినది. నమ్మకస్థుల యొద్ద శ్రేణి ధనము దాచవచ్చును. ఆపద కలిగినప్పుడు శ్రేణి దానిని తిరిగి తీసికొనవచ్చును. పని దొరకని కాలమునకును, కరవునకును ఇది ఆధారము. సహాయనిధి యను మాట కొత్తది కావచ్చును గాని, భావము పాతది.

బృహస్పతి స్మృతి మనకు సంపూర్ణముగా దక్కలేదు. ఇతర గ్రంథములలో ఉదాహరింపబడిన భాగములను పండితులు ఏర్చి కూర్చినారు. అందు ఇంటిని గాని, దేవాలయమును గాని కలిసి కట్టువారి లెక్క చెప్పబడినది. అట్టి పనివారిలో ప్రముఖునకు రెండు వాటాలు, తక్కినవారికి ఒక్కొక్క వాటా. ఇతర శిల్పములలో నేర్చుకొనువాడు, తెలిసినవాడు, నేర్పరి, ఆచార్యుడు అని నాలుగు తరగతులు చేసి, వారికి వరుసగా 1, 2, 3, 4 భాగములు విధించెను. పెద్ద మేస్త్రీకి తక్కినవారికంటె ఎక్కువ రావలెను. కాని ఎంత ఎక్కువ? రెండు వాటాలే, పది కాదు. ముందుగా తెలిసిన లెక్క కనుక తగవునకు చోటు తక్కువ. నేటి మెట్లవరుసలో ఏ మెట్టున ఎంత నిలుచునో క్రిందివానికి తెలియదు. తెలియకపోవుటయే అతని బలహీనత.

శ్రేణి మాటకు ఊరిలో ఎంత విలువ యుండెనో నాసిక గుహాశాసన మొకటి చెప్పును. క్రీస్తుశకము 2వ శతాబ్ది తొలినాళ్లలో నహపాన రాజు అల్లుడైన ఉషవదాతుడు గోవర్ధనమందలి సాలెవారి శ్రేణుల యొద్ద 3,000 కార్షాపణములు నిలువ చేసెను. అందు 2,000 ఒక శ్రేణికి, నెలకు నూటికి 1 వడ్డీ చొప్పున. 1,000 మరియొక శ్రేణికి, నెలకు నూటికి ముప్పాతిక చొప్పున. మొదటి దానిపై ఏటికి 240 కార్షాపణములు వచ్చును. గుహలో వానకాలము గడుపు 20 మంది భిక్షువులకు తలకు 12 చొప్పున వస్త్రముల నిమిత్తము అది సరిగా సరిపోవును. అసలు ఎన్నటికి తిరిగి తీయరాదు. ఈ యేర్పాటు నిగమసభలో చదివి వినిపింపబడెను. పలకలపై నమోదు చేయబడెను. రాజు అల్లుడు తన సొమ్మును పనివారి సంఘమునకు నమ్మి యిచ్చినాడు! మనుష్యుడు పోవును, శ్రేణి నిలుచునన్న నమ్మకమే దానికి కారణము.

శ్రేణి నిలుచుటకు దశపురము, అనగా నేటి మంద్‌సౌర్ మరియొక సాక్షి. లాటదేశము నుండి పట్టుసాలెల శ్రేణి అచ్చటికి వలస పోయెను. అందు కొందరు విలువిద్య నేర్చిరి. కొందరు జ్యోతిషము చదివిరి. అయినను శ్రేణి విడిపోలేదు. క్రీ.శ. 436-37లో తమ సొమ్ముతో సూర్యదేవాలయము కట్టించిరి. అది కొంత శిథిలముకాగా 472-73లో మరల బాగుచేయించిరి. కట్టినవారిలో ఎందరో అప్పటికి గతించియుందురు. మరమ్మతు మాత్రము శ్రేణి మరచిపోలేదు.

మరల తెలుగునాటికి వత్తము. కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము మన నీటికట్టడముల చరిత్రలో అమూల్యమైనది. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి పాలకుడు అగు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. శాసనము శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. ప్రతిదినము వేయిమంది కూలీలు కట్టపైన పని చేసిరనియు, రాయి తోలుటకు నూరు బండ్లు నడచెననియు, పని రెండేండ్లు పట్టెననియు అది చెప్పుచున్నది. అంతకంటె విశేషము, మంచి చెరువునకు కావలసిన 12 సాధనములను ఆ శాసనము లెక్కించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి నేల, తీయని నీటి యేరు, రాతిగని మొదలుగా వరుస సాగి, కట్టుటలో నేర్పు గల పనివారి సమూహముతో ముగియుచున్నది. రాజు లేనిదే చెరువు లేదు. పనివారి సమూహము లేనిదియు చెరువు లేదు. పనివారని మాత్రమే కాక సమూహమనుటలో అర్థము కలదు.

కట్టినవాని లాభమును చెరువు బాగోగులతో ముడివేసిన పద్ధతి యొకటి మన సీమలలో ఉండెను. అది దశబంధము. చెరువు త్రవ్వించిన వానికి గాని, తెగిన కట్టను మరల పోయించిన వానికి గాని, దాని క్రింది భూమిలోనో ఫలసాయములోనో పదియవ పాలు మాన్యముగా ఇచ్చుచుండిరి. చెరువు నిండినచో అతని మాన్యము పండును. కట్ట తెగినచో అతని మాన్యమే ముందు ఎండును. పని అప్పగించి సొమ్ము తీసికొని పోవుట కాదు, పనితోడనే బ్రతుకుట. నేడు గుత్తేదారుల పూచీ సొమ్మును నిలిపి యుంచుట యన్న నియమమునకు ఇది మరియొక ముఖము. అయితే అందు నిలిపి యుంచినది అతని సొమ్ము కాదు, అతని ఆశ.

వెల మాటయు చెప్పవలెను. చెప్పకున్న ఈ కథ సగమే యగును. మధ్యయుగములకు వచ్చుసరికి వృత్తిసంఘము కులముతో పెనవేసికొనిపోయెను. పంచాణమువారని మన శాసనములు పేర్కొను కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, అగసాలి వృత్తులవారికి కట్టుబాటు, గౌరవము, దానము చేయగల శక్తి కలిగినవి. కాని చేయి తిరిగినవాడైనను ఆ కులమున పుట్టనివానికి తలుపు తెరువబడలేదు. మన్ను త్రవ్వి రాయి కొట్టి చెరువులు నిలిపిన వడ్డెరలు ఊరినుండి ఊరికి తిరుగుచు, ఆ గౌరవమునకు దూరముగనే యుండిరి. భర్త త్రవ్విన మట్టిని తట్టకెత్తి మోసిన స్త్రీకి వేరుగా వాటా లెక్క ఏ స్మృతియందును మాకు కనబడలేదు. లోపలివారికి నీడ యిచ్చిన గోడయే వెలుపలివారికి అడ్డయ్యెను. సంఘము కట్టువారు ఎల్లకాలమందును తలచుకొనదగిన సంగతి యిది.

ఆంగ్లేయుల కాలమున పని రూపము మారెను. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వంటి పనులకు వేలకొలది జనము కావలసివచ్చెను. పిదప పబ్లిక్ వర్క్స్ శాఖ వచ్చెను, టెండరు వచ్చెను. ఎవడు తక్కువకు ఒప్పుకొనునో వానికే పని. తక్కువకు ఒప్పుకొనినవాడు ఆ తక్కువను ఎచ్చట పూడ్చుకొనును? తన క్రిందివాని యొద్దనే. మేస్త్రీ బయానా యిచ్చి కూలీలను కట్టివేసెను; త్రవ్విన గోతులలో కొలతకై విడిచిన మట్టిదిమ్మెలే కూలివాని పక్షమున సాక్షులుగా నిలిచెను. పాత శ్రేణి శిథిలమయ్యెను. కొత్త సంఘమింకను పుట్టలేదు.

అది పుట్టుట 20వ శతాబ్దిలో. ఉత్తర మలబారునందు వాగ్భటానందుని సంస్కారోద్యమమున చేరిన పనివారికి ఆ కారణముననే పని దొరకకుండెను. వారిలో 14 మంది కలిసి 1925లో ఊరాలుంగల్ అను చోట కూలిపనుల సహకార సంఘమును స్థాపించిరి. తామే గుత్త పట్టిరి, తామే పని చేసిరి, లాభమును తామే పంచుకొనిరి. నడిమి మెట్లు లేకుండపోయెను. ఆ సంఘము నేడు వేలమంది పనివారితో రహదారులు, వంతెనలు, పెద్ద భవనములు కట్టుచున్నది. తలుపు పుట్టుకనుబట్టి గాక పనినిబట్టి తెరచిన శ్రేణి యిది. గుత్తేదారులును ఊరక కూర్చుండలేదు. 1941లో పుణెలో భారత నిర్మాణకారుల సంఘము వెలసెను. ఒప్పందపు షరతులు ఏకపక్షముగా నుండరాదనియు, వస్తువుల ధర పెరిగిన బిల్లు పెరుగవలెననియు, తగవులను మధ్యవర్తుల ద్వారా తీర్చవలెననియు అడుగుట ఇట్టి సంఘముల పని. ఒక్కడు అడిగిన అది మొర; వేయిమంది అడిగిన అది షరతు.

కూలివారి నిమిత్తము 1996లో భారత ప్రభుత్వము ప్రత్యేకముగా చట్టము చేసెను. కట్టడపు వ్యయముపై నూటికి 1 నుండి 2 వరకు సుంకము వసూలు చేసి, పనివారి సంక్షేమమునకు వినియోగింపవలెనన్నది దాని సారము. ఈ సూత్రమే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి తీసికొనబడినది. ఇది అర్థశాస్త్రపు నిక్షేపమునకు దూరపు చుట్టమని మా అభిప్రాయము. కాని ఒక సంగతి మిగిలియున్నది. కూలికి చట్టము కలదు. పెద్ద గుత్తేదారునకు న్యాయవాది కలడు. నడుమనున్న చిన్న గుత్తేదారు కూలివారికి యజమాని, పెద్దవానికి కూలి. శనివారమునాడు కూలి యీయక తప్పదు. బిల్లు ఎన్నడు వచ్చునో తెలియదు. ఇల్లాలి మెడలోని పుస్తెలు కుదువ పెట్టి కూలి బట్వాడా చేసిన మేస్త్రీలు మన యెరుకలో లేకపోలేదు. అట్టివానికి ఏడు రాత్రుల వ్యవధి నడుగు సంఘము, ఆపదలో నిక్షేపము తీసియిచ్చు సంఘము, వాటా ఎంతయో ముందే తేల్చు సంఘము నేటికిని కావలెను.

కథ మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగింతము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. లోయ మునుగుననుటచే 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపి, శిథిలములను, శాసనములను కొండపైకి చేర్చెను. ఆ కొండ నేడు ద్వీపము. దానిపై ప్రదర్శనశాల కలదు. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఆనకట్ట ప్రధానముగా రాతికట్టడము. యంత్రములకంటె మనుష్యుల చేతులే దానిని ఎక్కువగా లేపినవి. ఒకరి తలపైనుండి యొకరి తలపైకి తట్టలు మారిన ఆ వరుసలను చూచినవారు ఎన్నటికి మరువలేరు.

విధికుడు పని చేసిన లోయపై నేడు ఆ నీరు నిలిచియున్నది. పదునేడు వందల యేండ్లనాటి రాతిపనివాని పేరు మనకు తెలియును. మన కాలపు ఆనకట్టకు రాళ్లు పేర్చిన వేలమందిలో పది పేర్లయినను చెప్పగలమా? బోధిసిరికి రాతిపై చోటు తక్కువయే; ఐనను ఒక పేరు పట్టించినది. మన యింట ఈసారి పని జరిగినప్పుడు మేస్త్రీ పేరు, అతని వెంట వచ్చినవారి పేర్లు అడిగి, లెక్కల పుస్తకమున వ్రాసికొని, పని ముగిసిననాడే బాకీ తీర్చినచో, శ్రేణి చేయవలసిన పనిలో కొంత మనమును చేసినవార మగుదుము.